కప్పడమా, దాచడమా

శౌరి మాస్టరుకు వచ్చినంత ఇంగ్లీషు మా పాలెంలో ఇంకెవరికీ రాదు. ఆ సంగతి ఊరికి తెలుసు. ఊరికంటే ముందు ఆయనకు తెలుసు. రెంటచింతలకు కూతవేటు దూరంలో ఉన్న ఆ చిన్న ఊళ్లో మిషను బడికి ఆయన హెడ్మాస్టరు. గుంటూరులో స్కూలు ఫైనలు చదివి, ట్రైనింగు పూర్తిచేసి వచ్చాడు. బండరాళ్లు పేలిపోయే ఎండలో కూడా చొక్కా పై గుండీ తీసేవాడు కాదు.

యాభై నాలుగులో మా క్రైస్తవ గుడికి ఫాదరుగా కాజిమిర్ స్వామి వచ్చారు. ఆయనది పోలెండు దేశం. యుద్ధంలో ఇల్లు పోయి, అన్నదమ్ములు పోయి, ఎక్కడెక్కడో తిరిగి చివరికి ఈ ఎండల్లోకి వచ్చి పడ్డారు. ఎర్రటి మొహం, పెద్ద పెద్ద చేతులు. తెలుగు అసలు రాదు. ఇంగ్లీషు కూడా ఆయనకు అరువు భాషే. మనసులో తన భాషలో అనుకుని, దాన్ని ఇంగ్లీషులోకి దించి, అప్పుడు పైకి అనేవారు. అందుకు ఎప్పుడూ దగ్గర ఒక లావుపాటి నిఘంటువు ఉండేది. ఒక పక్క పోలిష్ మాట, దాని పక్కన ఇంగ్లీషు అర్థాలు.

ఆదివారం పూజలో స్వామి ప్రసంగం చేస్తుంటే పక్కనే శౌరి మాస్టరు నిలబడేవాడు. స్వామి ఒక వాక్యం ఇంగ్లీషులో అంటారు, మాస్టరు దాన్ని తెలుగులో చెబుతాడు. స్వామి గొంతు నీరసంగా ఉండేది. మాస్టరుది గంట. ముసలమ్మలు కళ్లు తుడుచుకునేది మాస్టరు మాటకే. గుడి పెద్ద చిన్నప్ప అయితే పైకే అనేవాడు, "స్వామిది గాలి, మాస్టరుది పిల్లనగ్రోవి" అని. ఆ మాట శౌరి మాస్టరు ఇంటికెళ్లి భార్య తెరేజమ్మకు చెప్పేవాడు. చెప్పినప్పుడల్లా ఆమె మొదటిసారి విన్నట్టే వినేది.

సాయంత్రాలు స్వామి బంగళా వరండాలో ఇద్దరూ కూర్చునేవారు. మధ్యలో నిఘంటువు, చెరో గ్లాసు నల్లటి టీ. వచ్చే ఆదివారం ప్రసంగంలో మాటలు ఒక్కొక్కటే తీసి, స్వామి వేలుపెట్టి చూపిస్తుంటే మాస్టరు ఇంగ్లీషు అర్థాలు చదివి తెలుగు చెప్పేవాడు. నాలుగైదేళ్లు అట్లా నడిచింది. ఆయన జీవితంలో అంతకంటే సుఖమైన రోజులు లేవు.

అప్పుడు ఆరోగ్యమ్మ వచ్చింది.

నడికుడి స్టేషనులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ కూతురు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లు ఉంటాయి. గుంటూరులో సిస్టర్ల దగ్గర హాస్టల్లో ఉండి చదివి, మా బడికి టీచరుగా వచ్చింది. చిన్నప్పటినుంచీ రైలు గార్డులతో మాట్లాడి మాట్లాడి ఇంగ్లీషు గలగలా వచ్చేది. వ్యాకరణం మాస్టరంత గట్టిది కాదు, కానీ ఆగేది కాదు. భయం తక్కువ, నవ్వు ఎక్కువ. పెద్దమ్మా, బాబాయ్ అంటూ ఊరంతటినీ వరసలు పెట్టి పిలిచింది. మాస్టరును మాత్రం మాస్టారూ అనే అనేది. మొదట్లో ఆయనకు ఆ పిల్ల అంటే అభిమానమే. ఆయనే స్వామి దగ్గరికి తీసుకెళ్లి పరిచయం చేశాడు.

అంతకుముందు వేసవిలో గాలివానకు బడి మీది తాటాకు లేచిపోయింది. ఈసారి మాచర్ల నాపరాళ్లు పరిపిద్దామని స్వామి ఆలోచన. ఒక సాయంత్రం వరండాలో ఆ మాట చెప్పబోయి, సరైన ఇంగ్లీషు దొరక్క "క్రిచ్, క్రిచ్" అన్నారు. నిఘంటువు తీశారు. శౌరి మాస్టరు కళ్లజోడు సర్దుకుని చదివాడు. ఆ ఒక్క పోలిష్ మాటకు ఇంగ్లీషులో హైడ్, కన్సీల్, కవర్, రూఫ్, షీల్డ్ అని వరసగా ఉన్నాయి. దాచడం, మరుగుపరచడం, మూసిపెట్టడం, ఇంటికి పైకప్పు వెయ్యడం, ఒకర్ని అడ్డం నిలిచి కాయడం.

"ఇన్ని అర్థాలుంటే ఏది తీసుకోవాలి?" అన్నాడు మాస్టరు. ఇంగ్లీషులో ఒక్కోదానికీ తేడా వివరించడం మొదలుపెట్టాడు. హైడ్ అంటే కనపడకుండా పెట్టడం, కవర్ అంటే పైన వెయ్యడం, రెండూ ఒకటి కాదు అని. స్వామి తల ఊపుతున్నారు, కానీ చూపు ఎటో ఉంది.

ఆరోగ్యమ్మ స్తంభానికి ఆనుకుని వింటోంది. "స్వామీ, మీ ఊళ్లో ఇంటికి పైన రాయి వేసినా క్రిచ్చే, దొంగను ఇంట్లో పెట్టుకున్నా క్రిచ్చేనా?" అంది ఇంగ్లీషులో.

స్వామి అవునన్నారు.

"మరి మాకూ అంతేగా మాస్టారూ! కప్పు. ఇంటి కప్పు. దుప్పటి కప్పు. చేసిన తప్పు కప్పిపుచ్చు. కప్పు అంటే అన్నీ వచ్చాయిగా. మధ్యలో ఇంగ్లీషు ఎందుకు?"

ఆ కప్పు సంగతి ఆమె ఇంగ్లీషులో విడమరిచి చెప్పగానే స్వామి బల్ల మీద చరిచి నవ్వారు. "కప్పు! క్రిచ్, కప్పు!" అని రెండుసార్లు అన్నారు. ఇన్నేళ్లలో స్వామి అట్లా నవ్వడం శౌరి మాస్టరు చూడలేదు. ఆయన కూడా నవ్వాడు. నవ్వాక నిఘంటువు మూసి, టీ సగం వదిలేసి ఇంటికి వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి ఆరోగ్యమ్మ స్వామిని ప్రతిదానికీ "మీ భాషలో దీన్ని ఏమంటారు?" అని అడగడం మొదలుపెట్టింది. నీళ్లు, రొట్టె, వాన, బర్రె, బావి. ఏడాది తిరిగేసరికి ఇద్దరూ ఆ భాషలో హాస్యాలాడుకునేంతవరకు వచ్చారు. తన భాష మాట్లాడే మనిషి దొరికినందుకు స్వామి మొహానికి కళ వచ్చింది. ఊరంతా సంతోషించింది. శౌరి మాస్టరు తప్ప.

బంగళాకు వెళ్లేసరికి గ్లాసులు కడిగి బోర్లించి ఉండేవి. అంటే టీ అయిపోయిందన్నమాట. వాళ్లు మాట్లాడుకుంటుంటే ఆయన పక్కన కూర్చుని ఏదో అర్థమైనట్టు మొహం పెట్టేవాడు. నవ్వితే నవ్వేవాడు. ఇంటికొచ్చాక, ఆ నవ్వింది తన గురించేమోనని అన్నం దగ్గర తిక్కతిక్కగా ఉండేవాడు. తనూ నేర్చుకుందామని ఒకసారి స్వామిని అడిగాడు. స్వామి ఎంతో ఇష్టంగా చెప్పారు. నలభై ఐదేళ్ల నాలుక తిరగలేదు. ఆ పలుకులు నోట్లో గులకరాళ్లయ్యాయి. స్వామి భుజం తట్టి ఓదార్చారు. ఆ తట్టడం ఆయనకు చెంపదెబ్బ కంటే ఎక్కువ తగిలింది. మళ్లీ అడగలేదు.

ఒక ఆదివారం ప్రసంగం మధ్యలో స్వామికి ఇంగ్లీషు మాట తట్టక, పోలిష్ మాటే అనేసి ఆగిపోయారు. మాస్టరు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఆడవాళ్ల వైపు నుంచి ఆరోగ్యమ్మ ఠక్కున తెలుగు అందించింది. గుడిలో తలలన్నీ అటు తిరిగాయి. మాస్టరు ఆ మాటే మళ్లీ అని ముందుకు వెళ్లాడు గానీ, ఆయన చెవులు ఎర్రబడటం ముందు వరసలో వాళ్లు చూశారు.

"ఆ పిల్ల మన కూతురి ఈడుది" అంది తెరేజమ్మ ఆ మధ్యాహ్నం. "దానితో మీకు పోటీ ఏంది?"

"పోటీ ఎవడు పడుతున్నాడే? నోటికొచ్చినట్టు అరవడం పద్ధతా అంటున్నా."

"మీరు మాట మర్చిపోతే అందించింది."

"నేను మర్చిపోలేదు. ఆయన నాకు రాని భాషలో అన్నాడు." ఆ మాట అన్నాక ఆయన కంచం ముందునుంచి లేచాడు.

అరవై ఒకటో సంవత్సరం తుపాను వానలకు అనుకోని పని జరిగింది. బడి మీద రాళ్లు ఒక వైపు ఇంకా పరవలేదు. పిల్లలకు కాచిపోసే అమెరికా పాలపొడి బస్తాలు ఆ వైపు గదిలోనే ఉన్నాయి. వాన మొదలయ్యేసరికి బడిలో ఆరోగ్యమ్మా, వంటమనిషీ తప్ప ఎవరూ లేరు. ఇద్దరూ బస్తాలు మోసుకెళ్లి బంగళా వెనక ఆరోగ్యమ్మ ఉండే గదిలో పెట్టారు. గది మూల కూడా కారుతుంటే ఆరోగ్యమ్మ తన దుప్పట్లన్నీ తీసి బస్తాల మీద కప్పింది. వెళ్లి స్వామికి చెప్పింది. మరుసటి పొద్దున్నే నడికుడి నుంచి కబురు, తండ్రికి సీరియస్సని. గదికి తాళం వేసి, కట్టుబట్టలతో రైలెక్కింది. వంటమనిషి ఆ వానకే జ్వరం తగిలి వాళ్ల ఊరికి వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు.

బడి తెరిచాక చూస్తే బస్తాలు లేవు. స్వామి జ్వరంతో మంచాన ఉన్నారు. తల్లులు గోల పెట్టారు. చిన్నప్ప ఊరంతా వెతికి, ఆరోగ్యమ్మ గది కిటికీలోంచి తొంగిచూశాడు. దుప్పట్ల కిందనుంచి బస్తాల మూతులు కనిపించాయి. ఆదివారం పూజ అయ్యాక జనమంతా ఉండగానే స్వామిని అడిగాడు.

"స్వామీ, పిల్లల పాలపొడి ఆరోగ్యమ్మ గదిలో ఉంది. మీకేమన్నా తెలుసా?"

మాస్టరు అది ఇంగ్లీషులో చెప్పాడు. స్వామికి ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది, నిలబడటానికే ఓపిక లేదు. తన క్రిచ్‌కు నిఘంటువులో మొదట ఉన్న ఇంగ్లీషు మాటే ఆయన నోటికి వచ్చింది. "ఎస్, ఎస్. ఆరోగ్యమ్మ హిడ్ ద మిల్క్. ఫ్రమ్ ద రెయిన్ షి హిడ్ ఇట్. ఐ నో. డోంట్ బి యాంగ్రీ."

స్వామి మనసులో ఉన్న మాట ఏమిటో ఆ గుడిలో ఒక్క శౌరి మాస్టరుకే తెలుసు. ఆ మాట అర్థాలు ఆయనే వరండాలో కూర్చుని చదివాడు. వాన తగలకుండా కప్పింది అని చెబితే చాలు. అంతా నవ్వుకుని ఇళ్లకు పోయేవాళ్లు.

మాస్టరు గొంతు సవరించుకున్నాడు. "ఆరోగ్యమ్మ పాలపొడి దాచింది. ఆ సంగతి స్వామికి తెలుసు. కోప్పడొద్దంటున్నారు."

వాన మాట ఎత్తలేదు. మిగతాదంతా స్వామి అన్నదే. ఒక్క మాట కూడా తప్పు చెప్పలేదని ఆ క్షణంలోనే తనకు తాను చెప్పుకున్నాడు. గుడి గుసగుసలతో నిండిపోయింది. స్వామి దొంగతనాన్ని క్షమిస్తున్నారని జనానికి అర్థమైంది. శౌరి మాస్టరుకు ఎన్నాళ్లనుంచో గుండెల మీద ఉన్న బరువు దిగినట్టయింది. ఇంటికెళ్లి రెండుసార్లు అన్నం వడ్డించుకుని తిన్నాడు.

చిన్నప్ప వాళ్లు తాళం పగలగొట్టి బస్తాలు బయటికి తెచ్చారు. దుప్పట్లు బురదలో పడేశారు. ఆరోగ్యమ్మ తండ్రిని మట్టిచేసి తిరిగొచ్చేసరికి అవి అట్లాగే ఉన్నాయి. ఆమె వాటిని ఏరుకుంటుంటే బావి దగ్గర ఆడవాళ్లు నీళ్లు తోడటం ఆపి చూశారు. ఒకామె అంది, "పసిపిల్లల నోటికాడ పాలు దాచుకోవడానికి చేతులెట్టా వచ్చాయే నీకు?"

వాన తగలకుండా కప్పానని ఆమె చెప్పినా ఎవరూ నమ్మలేదు; దాచిందని స్వామే అన్నారని మాస్టరు చెప్పాడుగా అన్నారు. ఆరోగ్యమ్మ తిన్నగా బంగళాకు వచ్చింది. శౌరి మాస్టరు వరండాలోనే ఉన్నాడు. ఆయన్ని దాటుకుని వెళ్లి స్వామితో పోలిష్‌లో చాలాసేపు మాట్లాడింది. మాస్టరు ఎంత చెవి పెట్టినా మధ్య మధ్య క్రిచ్ లాంటి మాట తప్ప ఏమీ అందలేదు. స్వామి ఒకసారి తల తిప్పి ఆయన వైపు చూశారు. మళ్లీ ఆమె వైపు తిరిగి నెమ్మదిగా ఏదో అన్నారు.

బయటికొచ్చి ఆమె మాస్టరు ఎదురుగా నిలబడింది. కళ్లు వాచి ఉన్నాయి.

"ఆ మాట మీకు తెలుసు మాస్టారూ."

"ఆయన హిడ్ అన్నాడు. హిడ్ అంటే దాచింది. నేను అదే చెప్పా."

"వాన?"

ఆయన చొక్కా పై గుండీ సర్దుకున్నాడు.

"మా నాన్నను మట్టిలో పెట్టి వచ్చేసరికి నన్ను దొంగను చేశారు. నేనేం తీసుకున్నాను మీ దగ్గర?"

దానికి జవాబు ఆయన దగ్గర ఉంది. నా కుర్చీ తీసుకున్నావు, నా టీ గ్లాసు తీసుకున్నావు, ఆయన నవ్వు తీసుకున్నావు. అది పైకి అనగలిగిన మాట కాదు.

స్వామి తనకొచ్చిన రెండు ముక్కల తెలుగులో చిన్నప్పతో "ఆరోగ్యమ్మ దొంగ లేదు, మంచి" అన్నారు. స్వామిది మెత్తని మనసు అనుకున్నాడు చిన్నప్ప. ఊళ్లో స్వామి మాట చెల్లాలంటే మాస్టరు నోటినుంచి రావాలి. అది రాలేదు. క్రిస్మస్ లోపలే ఆరోగ్యమ్మ నర్సరావుపేటలో ఒక ఆడపిల్లల బడికి వెళ్లిపోయింది. సాగనంపడానికి స్టేషనుకు వెళ్లింది స్వామి ఒక్కరే.

ఆ తర్వాత వరండాలో కుర్చీ, టీ మళ్లీ మాస్టరువే అయ్యాయి. కానీ సుఖం రాలేదు. ఆమె ఆ రోజు స్వామికి ఏం చెప్పింది? నా పేరు చెప్పిందా? చెబితే స్వామి ఒక్క మాటైనా ఎందుకు అనరు? ఆదివారం పక్కన నిలబెట్టుకుంటున్నారు, పండగకు పంచె పెడుతున్నారు. చెప్పలేదేమో. చెప్పకపోతే ఆ చూపు ఏమిటి? అడిగితే దొరికిపోతాడు, అడక్కపోతే నిద్రపట్టదు. స్వామి పని మీద నర్సరావుపేట వెళ్లి వచ్చినప్పుడల్లా హుషారుగా ఉండేవారు. ఆమె ఇంట్లో భోంచేసి వచ్చారని మాస్టరు ఆయన మొహం చూసే పసిగట్టేవాడు. మనిషి ఊళ్లో లేకపోయినా కుళ్లు పోలేదు. ఆరోగ్యమ్మ పెళ్లి కార్డు బడిలో అందరితోపాటు ఆయనకూ వచ్చింది. ఆయన వెళ్లలేదు.

అరవై ఆరులో స్వామికి గుండె జబ్బని తేలి, పైవాళ్లు వెనక్కి పిలిచారు. అప్పటికి ఆయనకు తెలుగు కొంత వచ్చింది. పెట్టె సర్దుకుంటున్న స్వామి పక్కన పుస్తకాలకు తాడు కడుతూ, ఇక ఆపుకోలేక మాస్టరు అడిగేశాడు.

"స్వామీ, ఆ రోజు ఆరోగ్యమ్మ మీకు ఏం చెప్పింది?"

స్వామి మంచం మీద కూర్చున్నారు. "అన్నీ చెప్పింది."

"నా సంగతి?"

"నీ సంగతే."

మాస్టరు చేతిలో తాడు వదిలేశాడు. "మరి నన్ను ఎందుకు పక్కన ఉంచుకున్నారు?"

"నిన్ను తీసెయ్యి అని ఆమె అడగలేదు. జనానికి మాస్టారే చెప్పాలి అంది. అది న్యాయం అని నేను అన్నాను. ప్రతి ఆదివారం చూశాను, శౌరి. ఈరోజు చెబుతాడు, ఈరోజు చెబుతాడు." కింద పడ్డ తాడు తీసి మాస్టరుకు అందిస్తూ, "నేను తప్పు చేశాను. నిన్ను కాశాను. ఆమెను కాయలేదు" అన్నారు.

శౌరి మాస్టరు ఏడుస్తాడని స్వామి అనుకున్నారేమో. ఏడుపు రాలేదు. ముందు వచ్చింది మంటే. ఇన్నేళ్లూ వీళ్లిద్దరికీ నేను తెలుసు, వీళ్లిద్దరూ నాకు తెలియదు అనుకున్నాడు. నర్సరావుపేటలో అన్నాల దగ్గర తన గురించి జాలిపడి ఉంటారు. ఆ ఊహతో ఒళ్లంతా కాలిపోయింది. బంగళా నుంచి ఇంటికి రాకుండా పొలాలవెంట తిరిగి, పొద్దు గూట్లో పడ్డాక వచ్చి తెరేజమ్మకు మొత్తం చెప్పాడు.

ఆమె విని, "ఆదివారం చెప్పండి" అంది. "చెప్పకపోతే నేను చెబుతా."

అది స్వామి ఆఖరి ఆదివారం. ప్రసంగం అయ్యాక మాస్టరు పక్కకు జరగలేదు. స్వామి ఏమీ అనకముందే తెలుగులో మొదలుపెట్టాడు. పాలపొడి సంగతి, వాన సంగతి, తను మింగేసిన మాట, అన్నీ చెప్పాడు. ఎందుకు చేశావని చిన్నప్ప అరిచాడు. "కుళ్లుతో" అన్నాడు మాస్టరు. చిన్నప్ప ముందుకొచ్చి ఆయన చొక్కా పట్టుకున్నాడు. "ఆ తాళం నేను పగలగొట్టాను కదయ్యా! తండ్రి పోయిన పిల్ల దుప్పట్లు నేను బురదలో వేశాను కదయ్యా!" అని, చొక్కా వదిలి, మెట్ల మీద కూలబడి ఏడ్చాడు. చానా మంది ఆ పూట మాస్టరుతో మాట్లాడకుండానే వెళ్లిపోయారు. కొంతమంది ఏడాదిదాకా మాట్లాడలేదు.

స్వామిని ఓడెక్కడానికి బొంబాయి పంపించాక మాస్టరు రైలెక్కి నర్సరావుపేట వెళ్లాడు. ఆరోగ్యమ్మ బడి వరండాలో ఎదురైంది. ఒళ్లు చేసింది, కళ్లజోడు వచ్చింది.

"ఊళ్లో చెప్పానమ్మా" అన్నాడు.

"విన్నాను. చిన్నప్ప బాబాయ్ వచ్చి వెళ్లాడు." ఆమె గొంతులో కోపమూ లేదు, చనువూ లేదు. "నన్నేం అనమంటారు మాస్టారూ? మా నాన్న దినాలు నాకు ఆ మాటతోనే గుర్తొస్తాయి. దాన్ని మీరు తియ్యలేరు. బెల్లయింది, క్లాసుకెళ్లాలి."

ఆమె లోపలికి వెళ్లింది. మాస్టరు వెనక్కి పోకుండా కిటికీ పక్కన నిలబడ్డాడు. ఆమె ఇంగ్లీషు పాఠం చెబుతోంది. పిల్లలు నవ్వుతున్నారు, ప్రశ్నలు అడుగుతున్నారు. ఆమె తప్పుగా పలికిన మాట ఒకటి దొరుకుతుందేమోనని ఆయన చెవి వెతికింది. దొరకలేదు. పాఠం అయ్యేదాకా కదల్లేదు.

ఆమె బయటికొచ్చి చూసింది. "ఇంకా ఉన్నారా?" అంది. చేతులకంటిన సుద్ద దులుపుకుని, "అన్నం తిని వెళ్లండి. ఇల్లు ఇక్కడే" అంది.

ఆ సాయంత్రం ఇంటికి చేరేసరికి తెరేజమ్మ వాకిట్లోనే ఉంది. "క్షమించిందా?" అని అడిగింది.

"అన్నం పెట్టింది. అది అడగడానికి నాకు నోరు రాలేదు."

"పోనీ, మీ కుళ్లన్నా పోయిందా?"

శౌరి మాస్టరు చెప్పులు విప్పి గట్టు మీద కూర్చున్నాడు. "పోయిందనే అనుకున్నానే. ఆ పిల్ల పాఠం చెప్పడం విన్నాక మళ్లీ మొదలైంది" అన్నాడు.

తెరేజమ్మ కాళ్లు కడుక్కోవడానికి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.